వీధిలో బొమ్మలు గీసి బతకడం ఎలా? విజయనగరం, శ్రీకాకుళంలో తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విజయనగరంలో రోడ్డు పక్కన కూర్చుని మనుషుల బొమ్మలు గీస్తాను. ఆదివారాలు అరసవల్లిలో ఉంటాను. అంతకుముందు షాపుల బోర్డులు రాసే గురువుగారి దగ్గర చాలా ఏళ్లు పనిచేశాను. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని పోయింది. చేతిలో ఉన్న విద్య అదొక్కటే కాబట్టి డ్రాయింగ్ బోర్డు, బొగ్గు పెన్సిళ్లు పట్టుకుని రోడ్డు మీదికి వచ్చాను. గీస్తున్నప్పుడు చుట్టూ మూగినవాళ్లలో ఒక కుర్రాడో అమ్మాయో చివరిదాకా ఉండిపోతారు. అందరూ వెళ్లాక దగ్గరకొచ్చి మెల్లగా అడుగుతారు. వాళ్లు అడిగినవే ఇక్కడ రాస్తున్నాను. చెప్పిన ధరలు నావి. మీ చేతిని బట్టి, కూర్చునే చోటుని బట్టి మీవి మారతాయి.

దీని మీద నిజంగా బతకొచ్చా?

బతకొచ్చు. నేను బతుకుతున్నాను, ఇద్దరు పిల్లల్ని చదివిస్తున్నాను. కానీ రోడ్డు మీద చేతికొచ్చే డబ్బుతోనే ఇల్లు గడపాలనుకుంటే మొదటి వర్షాకాలంలోనే ఆగిపోతారు.

మామూలు రోజుల్లో నాకు రెండు మూడు బొమ్మలు పడతాయి. ఆదివారం ఎనిమిది, పది. బోణీ కాని రోజులు నెలలో నాలుగైదు ఉంటాయి. ఇది సగం సంపాదన. రెండో సగం ఆర్డర్ల మీద వస్తుంది. రోడ్డు మీద నన్ను చూసినాయన ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి, వాళ్ల నాన్నగారి బొమ్మ పెద్ద సైజులో కావాలంటాడు. ఒక టీచరు గారు బడి గోడ చూపిస్తారు. పెళ్లివాళ్లు రిసెప్షన్‌లో కూర్చుని వచ్చినవాళ్ల బొమ్మలు గీయమంటారు. వినాయక చవితి ముందు మండపం వెనక తెర అడుగుతారు. ఇవన్నీ రోడ్డు మీద కనిపించబట్టే వచ్చాయి. ఎవరూ పేపర్లో చూసి రాలేదు.

అందుకే కొత్తవాళ్లకి నేను చెప్పేది ఒకటే. రోజూ అదే చోట, అదే వేళకి కనిపించండి. బొమ్మ బాగా గీసి నెలకో చోటు మారేవాడి కంటే, ఓ మాదిరిగా గీసి రెండేళ్లు ఒకే చెట్టు కింద కూర్చున్నవాడికి పనులు ఎక్కువ వస్తాయి. "గంటస్తంభం దగ్గర బొమ్మలేసే ఆయన" అని మీకో గుర్తు పడాలి. అది పడేదాకా ఒక ఏడాది పడుతుంది. ఆ ఏడాది పాటు ఇంకో పని వదలకండి.

ఎలాంటి బొమ్మలకి గిరాకీ ఎక్కువ?

ఎదురుగా కూర్చుని గీయించుకునేవాళ్లు ఎక్కువగా పిల్లల తల్లిదండ్రులు, కొత్తగా పెళ్లైనవాళ్లు, స్నేహితుల గుంపులు. "ఏటి బావూ, మా గుంటడి బొమ్మ ఎయ్యగలవా, కదలకుండా ఉండడు మరి" అని నవ్వుతూ కూర్చోబెడతారు. ఇవి త్వరగా అయిపోయే పనులు.

నిజంగా మనసు పెట్టి చేయాల్సినవి వేరే ఉన్నాయి. మన ప్రాంతం నుంచి ఎంతమంది వలస పోతారో మీకు తెలుసు. హైదరాబాదు, చెన్నై, గల్ఫ్. ఇంట్లో నలుగురూ కలిసి ఉన్న ఫోటో ఒక్కటీ లేని కుటుంబాలు శ్రీకాకుళం జిల్లాలో ఎన్నో. నా దగ్గరికి ఒకసారి సోంపేట వైపు నుంచి ఒక అప్ప (అక్క) వచ్చింది. భర్త దుబాయ్‌లో ఉన్నాడు, ఆయన అక్కడ ఉండగానే పాప పుట్టింది, అత్తగారు పోయింది. ఫోన్లో భర్త ఫోటో, ఆధార్ కార్డు మీద అత్తగారి ఫోటో, ఒళ్లో పాప. "అందర్నీ ఒకేచోట కూకోబెట్టు బాబూ" అంది. నాలుగు రోజులు పట్టింది. ఆధార్ ఫోటోలో ముఖం సగం చీకటి. ముక్కుపుడక ఏ వైపు ఉండేదో, నవ్వితే చెంపలు ఎలా ఉండేవో అడిగి అడిగి గీశాను. బొమ్మ చూసి ఆమె మాట్లాడలేదు, పాపకి వేలితో చూపించింది: "నాన్నమ్మ."

అప్పటి నుంచి నా బోర్డు మీద ఒక మాట రాసి పెట్టాను: "దూరంగా ఉన్నవాళ్లని, పోయినవాళ్లని కలిపి గీస్తాము." నా ఆర్డర్లలో ఎక్కువ భాగం ఇవే. ఈ పని తీసుకునేటప్పుడు తొందరపెట్టకండి, మాట్లాడనివ్వండి. పోయినవాళ్ల గురించి వాళ్లు చెప్పే మాటల్లోనే పోలిక ఉంటుంది.

ఎక్కడ కూర్చుంటే బాగుంటుంది?

జనం ఎక్కువున్న చోటు మంచిదని అందరూ అనుకుంటారు. నేనూ మొదట అలాగే పొరబడ్డాను. జనం ఎక్కువుండటం కాదు, జనం ఆగే చోటు కావాలి. విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర వేలమంది నడుస్తారు, కానీ అందరి చూపూ బస్సు మీదే. పది నిమిషాలు కూర్చునే ఓపిక వాళ్లకి ఉండదు. గంటస్తంభం చుట్టుపక్కల సాయంత్రం బజారుకి వచ్చినవాళ్లు నిదానంగా తిరుగుతారు, అక్కడ పని నడుస్తుంది. అయ్యకోనేరు గట్టు, కోట పరిసరాలు కుటుంబాలతో వచ్చేవాళ్లకి బాగుంటాయి.

శ్రీకాకుళంలో అయితే ఏడు రోడ్ల జంక్షన్‌లో ట్రాఫిక్ మరీ ఎక్కువ, మీరూ ఇబ్బంది పడతారు, బండ్లవాళ్లూ ఇబ్బంది పడతారు. అరసవల్లి చూడండి. సూర్యనారాయణ స్వామికి ఆదివారం ప్రీతి కాబట్టి ఆ రోజు జనం బాగా వస్తారు. దర్శనం అయ్యాక మనసు నెమ్మదిగా ఉంటుంది, ఆగుతారు. నేను పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగి, అక్కడి నుంచి అరసవల్లి చేరుకుంటాను. ఛార్జీలు, టీ, భోజనం పోను మిగలాలంటే కనీసం మూడు బొమ్మలు పడాలి. ఇది ముందే లెక్కేసుకోండి.

రైల్వే ప్లాట్‌ఫారం మీద మాత్రం కూర్చోవద్దు. అనుమతి లేకుండా స్టేషన్‌లో అమ్మకాలు చేయడం రైల్వే చట్టం ప్రకారం నేరం. కలింగపట్నం, బారువ బీచ్‌లు సెలవు రోజుల్లో బాగుంటాయి, అయితే గాలికి కాగితం నిలవదు. నాలుగు మూలలా క్లిప్పులు పెట్టాలి.

ఇంకో మాట. చోటు ఎంచుకున్నాక పక్కన ఉన్న పళ్ల బండి అమ్మతో, టీ కొట్టు మావయ్యతో ముందు మాట్లాడండి. వాళ్ల గిరాకీకి అడ్డం రాకుండా కూర్చోండి. మీరు భోజనానికి వెళ్తే సామాను చూసేది వాళ్లే, వాన మబ్బు చూసి కేకేసేదీ వాళ్లే.

అనుమతి కావాలా? చట్టం ఏమంటుంది?

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. దాంట్లో వీధి వ్యాపారి అంటే సరుకు అమ్మేవాళ్లే కాదు, ప్రజలకి సేవలు అందించేవాళ్లు కూడా. రోడ్డు పక్కన బొమ్మ గీసి డబ్బు తీసుకోవడం సేవే. కాబట్టి మీరు మీ వార్డు సచివాలయంలో, నగరపాలక సంస్థలో పట్టణ పేదల కోసం పనిచేసే మెప్మా విభాగంలో వీధి వ్యాపారిగా పేరు రాయించుకోవచ్చు. ఆ చట్టం ప్రకారం పట్టణ విక్రయ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి, ఆ వ్యాపారుల్లో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఐదేళ్లకోసారి సర్వే చేయాలి. వీధి వ్యాపారి సర్టిఫికెట్‌కి 14 ఏళ్లు నిండి ఉండాలి. ఆ చోటుని మీరు గానీ మీ ఇంటివాళ్లు గానీ వాడుకోవాలి తప్ప ఇంకొకరికి అద్దెకి ఇవ్వకూడదు.

కౌంటర్‌లో "ఆర్టిస్టువా, వ్యాపారివా?" అని ఆశ్చర్యంగా చూస్తారు. నన్నూ చూశారు. గొడవపడకండి. "రోడ్డు పక్కన కూర్చుని బొమ్మలు గీసి అమ్ముతాను" అని తేలిక మాటల్లో చెప్పండి, కూర్చునే చోటు ఫోటో తీసుకెళ్లండి. నాకు మూడోసారికి పని అయింది.

వారపు సంతలో కూర్చుంటే ఆశీలు కట్టాలి. రసీదు అడిగి తీసుకోండి. గుడి జాతరల్లో స్థలాలు ముందే వేలం పాడి ఉంటారు, పాట పాడుకున్న వాళ్లని అడగకుండా పరుచుకోవద్దు.

పోలీసులో, మున్సిపల్ వాళ్లో లేచిపొమ్మంటే?

ముందు లేచి నిలబడండి. మర్యాదగా మాట్లాడండి, వీధి వ్యాపారి కార్డు చూపించండి. చాలాసార్లు విషయం మంత్రుల రాక గురించో, ఊరేగింపు గురించో ఉంటుంది. రెండు గంటల తర్వాత మళ్లీ కూర్చోవచ్చు.

సామాను పట్టుకెళ్తే మాత్రం చట్టం ఏం చెప్తుందో తెలిసి ఉండాలి. తీసుకున్న వస్తువుల జాబితా సంతకంతో మీకు ఇవ్వాలి. పాడవని వస్తువులైతే మీరు అడిగిన రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. సర్టిఫికెట్ ఉన్నవాళ్లని ఖాళీ చేయించాలంటే 30 రోజుల నోటీసు ఉండాలి. ఇవేవీ తెలియని రోజుల్లో నా ఈజిల్ ఒకసారి లారీ ఎక్కింది. జాబితా అడగలేదు, అది మళ్లీ దొరకలేదు. ఆ ఈజిల్ మా గురువుగారు ఇచ్చినది. అందుకే ఈ సంగతి అందరికీ చెప్తాను.

ధర ఎంత పెట్టాలి? బేరమాడితే?

నేను ఏ4 కాగితం మీద ఒక్కరి గీతల బొమ్మకి 150, షేడింగ్‌తో 300 తీసుకుంటాను. ఇద్దరైతే 500. ఫోటో చూసి ఇంటి దగ్గర గీసే పెద్ద బొమ్మలు 1,500 నుంచి మొదలు. ధరల బోర్డు పెద్ద తెలుగు అక్షరాల్లో పెట్టండి. ధర కనిపించకపోతే చాలామంది "ఎంతంటాడో ఏటో" అని బెరుకుతోనే వెళ్లిపోతారు.

బేరం మన దగ్గర సహజం, దాన్ని అవమానంగా తీసుకోవద్దు. ధర తగ్గించే బదులు పని తగ్గించండి. "వందకైతే ముఖం వరకే గీస్తానమ్మా, షేడింగ్ ఉండదు" అనండి. ఇద్దరికీ బాధ ఉండదు. అదే బొమ్మని ఒకరికి 300కి, పక్కనున్నవాళ్లకి 150కి ఇస్తే ఆ మాట అక్కడే తిరుగుతుంది.

ఫోన్‌పే స్కానర్ తప్పనిసరి. చిల్లర లేదని వెళ్లిపోయేవాళ్లు ఇప్పుడు లేరు. డబ్బు పడిన శబ్దం వినిపించే పెట్టె ఉంటే ఇంకా మంచిది, గీస్తూ ఫోన్ చూసుకోనక్కర్లేదు.

"నీకు పేరొస్తుంది, ఫ్రీగా గీసిపెట్టు" అంటారు. ఏం చేయాలి?

వద్దని చెప్పండి. ఒక ప్రైవేటు బడి గోడ మొత్తం నేను అలాగే గీశాను. ఎండలో పదకొండు రోజులు. రంగులు మాత్రం వాళ్లవి. ప్రారంభం రోజు స్టేజీ మీద శాలువా కప్పారు. ఆ నెల ఇంటి అద్దె మా బావమరిది దగ్గర అప్పు తెచ్చి కట్టాను. ఆ గోడ చూసి వచ్చిన ఇంకో బడివాళ్లు కూడా ఫ్రీగానే అడిగారు.

అనాథాశ్రమానికో, ప్రభుత్వ ఆసుపత్రిలో పిల్లల వార్డుకో నా అంతట నేను గీసినవి ఉన్నాయి. అది నా ఇష్టం, నా లెక్క. డబ్బు ఉన్నవాళ్లకి ఊరికే పని చేస్తే, మీ తర్వాత వచ్చే కుర్రాళ్ల కూలి కూడా పడిపోతుంది.

పోలిక రాకపోతే ఏం చేయాలి? నాకు అదే టెన్షన్.

అందరికీ ఉండే భయమే. పోలిక కళ్లూ ముక్కూ అందంగా గీయడంలో రాదు, వాటి మధ్య దూరాల్లో వస్తుంది. పెద్దవాళ్లలో కళ్లు తల ఎత్తులో సరిగ్గా సగం దగ్గర ఉంటాయి. చిన్నపిల్లల్లో ఇంకా కిందికి. కొత్తవాళ్లు నుదురు తగ్గించేస్తారు, అక్కడే ముఖం మారిపోతుంది. మొదటి రెండు నిమిషాలు ముఖం ఆకారం, జుట్టు మొదలయ్యే గీత, కళ్ల గీత, గడ్డం తప్ప ఏమీ గీయకండి. దూరం పెట్టి చూడండి. అప్పుడు మొదలెట్టండి.

మనిషిని నీడలో, ఒకే వైపు నుంచి వెలుతురు పడేలా కూర్చోబెట్టండి. నడినెత్తిన ఎండ ఉంటే కళ్ల కింద నల్లటి గుంటలు పడి అందరూ ముసలివాళ్లలా వస్తారు. పొద్దున తొమ్మిది లోపు, సాయంత్రం నాలుగు తర్వాత వెలుతురు మనకి సాయం చేస్తుంది. చీకటి పడ్డాక షాపు లైటు కింద గీయొచ్చు, పైనుంచి కాకుండా పక్కనుంచి పడే లైటు చూసుకోండి.

పెద్దవయసు ఆడవాళ్ల బొమ్మలో బొట్టు, ముక్కుపుడకలు, జుట్టు ముడి సరిగ్గా వాటి చోట పడితే పోలిక సగం వచ్చినట్టే. పల్లెల నుంచి వచ్చే అమ్మమ్మలకి రెండువైపులా పుడకలు ఉంటాయి, ఒకటి మర్చిపోతే వెంటనే పట్టుకుంటారు. పిల్లలైతే ఒక నిమిషం కంటే కదలకుండా ఉండరు. కళ్లు ముందు గీసేసి మిగతాది తర్వాత నింపండి.

నిజంగానే పోలిక రాకపోతే డబ్బు తీసుకోవద్దు. కాగితం వాళ్లకే ఇచ్చేయండి. నేను ఇప్పటికీ నెలకి ఒకటి రెండు అలా ఇస్తాను.

సామాను ఏం కావాలి?

డ్రాయింగ్ బోర్డు, క్లిప్పులు, రెండు మడత స్టూళ్లు, పెద్ద గొడుగు, మందపాటి కాగితం, హెచ్‌బీ నుంచి 8బీ వరకు పెన్సిళ్లు, బొగ్గు పెన్సిల్, మెత్తటి రబ్బరు, బొగ్గు చెదరకుండా కొట్టే స్ప్రే, బొమ్మ పెట్టి ఇవ్వడానికి పాలిథిన్ కవర్లు. 3,000 లోపు అయిపోతుంది. మీకంటే ముందు గిరాకీకి స్టూలు కొనండి. గీసిన నమూనాలు ఐదారు పక్కన నిలబెట్టండి. సినిమా హీరోల బొమ్మలు జనాన్ని ఆపుతాయి, కానీ పని తెచ్చేవి మామూలు మనుషుల బొమ్మలే. ఊళ్లో అందరికీ తెలిసిన పాలాయనదో, పూలమ్మదో గీసి పెట్టండి. వాళ్లని అడిగే సుమా.

జాతరల్లో ఎలా ఉంటుంది?

మా ఊరి పండుగ సంగతి ముందు చెప్తాను. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం విజయదశమి తర్వాత వచ్చే మంగళవారం జరుగుతుంది. ముందు రోజు సోమవారం తొలేళ్లు. చుట్టాలందరూ ఊళ్లోకి దిగేది ఆ రోజే. ఆ సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా పని చేయొచ్చు. మంగళవారం మధ్యాహ్నం తర్వాత మాత్రం సామాను సర్దేసుకోండి. సిరిమాను (పూజారి కూర్చునే పొడవాటి మాను) గుడి నుంచి కోటకి తిరిగే వేళ మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఇసుక వేస్తే రాలనంత జనం. అక్కడ బోర్డు, స్టూలు పెట్టుకుని ఉండటం మీకూ ప్రమాదం, జనానికీ ప్రమాదం. నేనైతే ఆ వేళ అమ్మవారికి దండం పెట్టుకోవడానికే నిలబడతాను.

జాతరలో పది నిమిషాల బొమ్మ నడవదు. మూడు నిమిషాల పక్కవాటు గీత బొమ్మ 50కి, పిల్లల బుగ్గల మీద సీతాకోకచిలుక, పులి ముఖం 30కి పెట్టండి. ముఖానికి వేసే రంగులు దానికోసం అమ్మేవే వాడాలి. బట్టల మీద వేసే రంగులు, గోడ రంగులు పిల్లల చర్మం మీద ఎప్పుడూ వాడొద్దు. ఒకరికి వాడిన స్పాంజి ఇంకొకరికి వాడొద్దు.

అరసవల్లి రథసప్తమి, శ్రీముఖలింగం శివరాత్రి, రామతీర్థం ఉత్సవాలు, శంబర పోలమాంబ జాతర, ఇలా ఏడాది పొడవునా ఏదో ఒకటి ఉంటుంది. ఒక క్యాలెండర్ మీద అన్నీ గుర్తు పెట్టుకోండి. ఈ జాతరల్లో తప్పెటగుళ్ల వాళ్లు, పగటి వేషగాళ్లు కనిపిస్తే కాసేపు ఆగి చూడండి. జనం చుట్టూ మూగాక ఎలా నిలబెట్టాలో, డబ్బు ఎప్పుడు అడగాలో నేను వాళ్ల దగ్గరే నేర్చుకున్నాను. ఆట మంచి పట్టులో ఉన్నప్పుడే పళ్లెం తిరుగుతుంది, అయిపోయాక కాదు.

నేల మీద రంగులతో దేవుడి బొమ్మ వేసి చిల్లర అడగొచ్చా?

ముగ్గుపిండి, బొగ్గు, ఇటుక పొడి, ఆకుపసరుతో ఆంజనేయస్వామినో వెంకటేశ్వరస్వామినో రోడ్డు మీద వేసేవాళ్లని నా చిన్నప్పుడు ఎంతోమందిని చూశాను. చాలా కష్టమైన విద్య అది, ఎవరైనా వేస్తే ఆగి దండం పెట్టి వెళ్తాను. నేను మాత్రం వేయను. సాయంత్రానికి ఆ బొమ్మ మీద కాళ్లు పడతాయి, నా మనసు ఒప్పదు. మీరు వేస్తే నలుగురు నడిచే దారికి పక్కగా వేయండి, వెళ్లేటప్పుడు నీళ్లు పోసి చెరిపేయండి. దేవుళ్లే కానక్కర్లేదు. మన నాగావళి, కొబ్బరి చెట్ల ఉద్దానం, పడవలు కూడా నేల మీద అద్భుతంగా వస్తాయి.

గోడల మీద బొమ్మలు వేయడం?

యజమాని రాతపూర్వక అనుమతి లేకుండా ఏ గోడ ముట్టొద్దు. బహిరంగ స్థలాలను పాడుచేయకుండా మన రాష్ట్రంలో 1997 నుంచి చట్టం ఉంది. శాలిహుండం, శ్రీముఖలింగం లాంటి రక్షిత కట్టడాల మీద గీత గీసినా జైలు, జరిమానా ఉంటాయి.

పని ఒప్పుకునేటప్పుడు చదరపు అడుగు లెక్కన మాట్లాడండి. గోడ పది అడుగుల ఎత్తు, ఇరవై అడుగుల పొడవైతే 200 చదరపు అడుగులు. బయటి గోడల ఎమల్షన్ లీటరు డబ్బా రెండు పూతలకి సుమారు 50, 60 చదరపు అడుగులు వస్తుంది. రంగు, ప్రైమర్, పరంజా, సాయం మనిషి కూలి, మీ రోజులు, అన్నీ విడివిడిగా రాసి చూపించండి. సగం అడ్వాన్సు చేతిలో పడ్డాకే గోడ మీద గళ్లు కొట్టడం (బొమ్మ కొలతకి గీతలు గీయడం) మొదలెట్టండి. పాత సున్నం గోడ అయితే గీకించకుండా వేస్తే ఒక్క వానాకాలంలో పెచ్చులు ఊడిపోతుంది, ఆ చెడ్డపేరు మీకే వస్తుంది.

ఇంకో సంగతి. సీతంపేట ఏజెన్సీలో సవరలు ఇళ్ల గోడల మీద వేసే బొమ్మలు ఇప్పుడు ఫ్యాషన్ అయ్యాయి, హోటళ్లవాళ్లు అవే కావాలంటారు. అవి వాళ్ల పూజలకి సంబంధించినవి. నాకు అలాంటి పని వస్తే ఆ పని తెలిసిన సవర కళాకారులకే ఇప్పిస్తాను. మీరూ అలాగే చేయండి.

ఎండ, వాన, ఆరోగ్యం?

ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు రోడ్డు మీద కూర్చోవద్దు. ఆ వేళ ఇంట్లో ఆర్డర్లు చేసుకోండి. మన పండుగ సీజన్, తుఫాన్ల సీజన్ ఒకేసారి వస్తాయి. హుద్‌హుద్ 2014 అక్టోబరులో, తిత్లీ 2018 అక్టోబరులో వచ్చాయి. దసరా సంపాదన మీద ముందే అప్పులు చేసి సామాను కొనకండి. ఎనామిల్ రంగు, టర్పెంటైన్ వాసన మూసిన గదిలో పీల్చొద్దు. నడుం గురించి ఇప్పుడే జాగ్రత్తపడండి, గంటకోసారి లేచి నడవండి. నేను ఆ మాట నలభై ఏళ్ల వయసు వచ్చాకే విన్నాను.

ఆడపిల్లలు చేయగలరా?

చక్కగా చేయగలరు. సంక్రాంతికి చుక్క తప్పకుండా వాకిలంత ముగ్గు వేసే చేయి గోడ మీద ఎందుకు వేయలేదు? కష్టం బొమ్మ దగ్గర రాదు, చోటు దగ్గర వస్తుంది. నాకు తెలిసిన అమ్మాయిలు ఇద్దరు కలిసి కూర్చుంటారు, ఒకరు బొమ్మలు, ఒకరు మెహందీ. చీకటి పడేలోపు ముగిస్తారు. దగ్గర్లో శుభ్రమైన బాత్రూం ఉన్న చోటే ఎంచుకుంటారు. ఆడవాళ్లు, పిల్లల తల్లులు మగవాళ్ల ముందు కంటే వాళ్ల ముందే హాయిగా కూర్చుంటారు. అది వాళ్లకి పెద్ద బలం.

ఇంట్లో "ఇది అడుక్కోవడమే కదా" అంటున్నారు. ఏం చెప్పను?

మా నాన్న కూడా అన్నాడు. ఒక ఏడాది నాతో సరిగ్గా మాట్లాడలేదు. నేను వాదించలేదు. ప్రతి శనివారం ఆ వారం లెక్క నోటుపుస్తకంలో రాసి, ఇంటి ఖర్చు అమ్మ చేతిలో పెట్టేవాణ్ణి. ఒకరోజు మా ఊరి సర్పంచ్ గారు తన తల్లి బొమ్మ కోసం ఇంటికే వచ్చి "మీ అబ్బాయి ఉన్నాడా?" అని నాన్ననే అడిగారు. ఆ రోజు కుర్చీ వేసింది నాన్నే.

హరికథకి పితామహుడైన ఆదిభట్ల నారాయణదాసు గారు ఈ గడ్డ మీది వాడే, 1919లో మొదలైన విజయనగరం సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్. జనం మధ్య నిలబడి, జనాన్ని మెప్పించి బతకడం మన దగ్గర ఎప్పుడూ గౌరవమైన పనే. ఇంట్లోవాళ్లకి మాత్రం ఆ మాటల కంటే నోటుపుస్తకం ఎక్కువ ధైర్యం ఇస్తుంది.

లోన్ దొరుకుతుందా?

వీధి వ్యాపారిగా నమోదైతే పీఎం స్వనిధి కింద హామీ లేకుండా దొరుకుతుంది. 2025లో మార్చిన లెక్క ప్రకారం మొదటిసారి 15,000 వరకు, అది తీర్చాక 25,000, ఆ తర్వాత 50,000 వరకు. వాయిదాలు సరిగ్గా కడితే వడ్డీలో 7 శాతం రాయితీ ఉంటుంది. పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులే ఉన్నాయి. శిల్పులు, కుమ్మరులు, బొమ్మలు చేసేవాళ్లు ఉన్నారు గానీ చిత్రకారులు లేరు. దాని చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకోవద్దు.

ఫోన్లోనే ఏఐ బొమ్మలు వచ్చేస్తున్నాయి. ఇంకా ఎవరు గీయించుకుంటారు?

ఈ ప్రశ్న ఇప్పుడు రోజూ వస్తోంది. ఫోటోని బొమ్మలా మార్చి ప్రింటు తీసే పనులు కొన్ని నా దగ్గరి నుంచి పోయాయి, అది నిజం. ఎదురుగా కూర్చుని గీయించుకునేవాళ్లు తగ్గలేదు. పది నిమిషాలు ఒక మనిషి తమనే చూస్తూ గీయడం, చుట్టూ నలుగురు "వచ్చేసింది, వచ్చేసింది" అనడం వాళ్లకి ఇష్టం. ఫ్లెక్సీ వచ్చినప్పుడు చేతిరాతని పట్టుకుని వేలాడినవాళ్లు దెబ్బతిన్నారు. కాబట్టి ఫోటో చూసి కాపీ చేసే పని మీదే ఆధారపడకండి. ఎదురుగా గీయడం, గోడ పని, పిల్లలకి నేర్పడం, ఈ మూడూ చేతిలో ఉంచుకోండి.

ఎక్కడ నేర్చుకోవాలి?

చదువు కుదిరితే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఫైన్ ఆర్ట్స్ ఉంది. కుదరకపోతే ఊళ్లో మిగిలిన బోర్డు ఆర్టిస్టుల దగ్గర చేరండి, గీత మీద పట్టు అక్కడ వస్తుంది. శ్రీకూర్మం వెళ్లి గుడి మండపంలో పాత చిత్రాలు చూడండి, ముట్టుకోకుండా, ఒక పూటంతా. చందమామ, యువ పత్రికల ముఖచిత్రాలతో తెలుగువాళ్లందరికీ తెలిసిన వడ్డాది పాపయ్య గారు 1921లో పుట్టింది శ్రీకాకుళంలోనే. ఆయన రంగుల్ని దగ్గర పెట్టుకుని చూడండి. వీటన్నిటితో పాటు రోజుకి ఐదు ముఖాలు, బస్టాండ్‌లోనో సంతలోనో కూర్చుని, అమ్మకానికి కాకుండా గీయండి. ఆరు నెలలు.

మొదటి రోజు ఎలా మొదలెట్టాలి?

ఆదివారం వద్దు. ఏదో ఒక మామూలు రోజు సాయంత్రం నాలుగింటికి వెళ్లండి. ముందు పక్కనున్న టీ కొట్టాయన బొమ్మ గీసి ఆయనకే ఇవ్వండి. ఆయన దాన్ని గల్లాపెట్టె వెనక అతికిస్తాడు. ఆ తర్వాత స్నేహితుణ్ణి ఒకణ్ణి స్టూలు మీద కూర్చోబెట్టి గీస్తూ ఉండండి, ఖాళీ స్టూలు చూసి ఎవరూ ఆగరు. చేయి వణుకుతుంది, వణకనివ్వండి. ఏడింటికి సర్దేసుకోండి. మర్నాడు మళ్లీ నాలుగింటికి అక్కడే.